వాన కబురు చెప్పే మోకాలు

ఆ రోజు నేను నలుగురి ముందర ఒక మోకాలి మీద అరిచాను.

మోకాలి మీద అరవడమేమిటని మీరు నవ్వవచ్చు. తర్వాత నేనూ చాలాసార్లు నవ్వుకున్నాను. కాకపోతే ఆ మోకాలు మా అత్తది. అత్త అంటే నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోతే బాగేపల్లి నుంచి చింతామణికి, పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. అరవై దాటిన అలాంటి మనిషిని పట్టుకుని, హమాలీలు వింటుండగా, గూళూరు నుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులు వింటుండగా, వీధిలో వర్తకులందరూ వింటుండగా, "నీ మోకాలు అబద్ధం చెప్పింది" అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గే. అందుకే ముందుగా రాసేశాను.

ఆ మోకాలికి వానతో పనేమిటో చెబితే గానీ నా తప్పు ఎంతటిదో తెలియదు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. చింతామణిలో మాది వేరుశనక్కాయల మండీ. పంట దిగే కాలంలో రైతులు కాయలు పచ్చిగానే తెచ్చి పోసేవాళ్ళు. వాటిని మండీ ముందరి బండల బయల్లో ఎండబోసి, గలగలమన్నాక మిల్లుకు తోలాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు వానలు. తూర్పున సముద్రంలో ఎక్కడో ఏదో లేస్తుంది, ఇక్కడ మా కాయలు బూజు పడతాయి. బెంగళూరు రేడియో చెప్పే వార్తలేమో అక్కడక్కడ జల్లులు పడవచ్చు అనేవి. మా బయలు ఆ అక్కడలో ఉందో ఈ అక్కడలో ఉందో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

మా అత్త మోకాళ్ళు మాత్రం స్పష్టంగా మాట్లాడేవి. ఎడమది సలిపితే ఉత్త మబ్బు. కుడిది సలిపితే సాయంత్రానికి వాన. రెండూ ఒకేసారి పట్టుకుంటే రెండు రోజుల ముసురు. ఈ సూత్రాలు నేనే కనిపెట్టాను. పొద్దున్నే లేచి మొహమైనా కడగకుండా ఆమె మంచం దగ్గరికి వెళ్ళి అడిగేవాణ్ణి.

"అత్తా, యాది నొస్తాండాది?"

"నా మోకాలు నీ మండీలో గుమాస్తానా ఏమిరా, పొద్దున్నే హాజరు ఏయించుకునేదానికి?" అనేది. అని, "కుడిది" అనేది.

నేను బయటికొచ్చి, ఏదో ఆకాశవాణితో నాకు సొంతంగా మాటలున్నట్టు ముఖం పెట్టి, "ఈ పొద్దు కాయలు పరచొద్దండప్పా" అని వీధికి చెప్పేవాణ్ణి. సాయంత్రం వాన పడేది. కొన్నాళ్ళకు అసలు కబురు అత్త మోకాళ్ళదని తెలిసి, వీధి మొత్తం మా గడప వైపు చూడటం మొదలుపెట్టింది. ఎదురు మండీ ఆయన పంచె ఎగ్గట్టుకుని పళ్ళు తోముకుంటూనే అరిచేవాడు.

"ఏమప్పా, మీ ఇంటి రేడియో ఏమంటాండాది?"

వాన కబురు చెప్పేవాడన్న పేరు నాకు వచ్చింది. నొప్పి మాత్రం అత్త దగ్గరే ఉండిపోయింది.

ఆమెను డాక్టరుకు చూపించాలన్న ఆలోచన నాకు లేకపోలేదు. చిక్కబళ్ళాపురంలో ఒక పెద్ద డాక్టరు ఉన్నాడని, కీళ్ళ నొప్పులు బాగా చూస్తాడని అందరూ చెప్పేవారు. కానీ వెళ్ళే దారే కనిపించేది కాదు. ఆమెకు నొప్పి ఉన్న రోజున వాన వస్తుంది, అంటే ఆ రోజు నేను కాయలు ఎత్తించాలి. నొప్పి లేని రోజున ఎండ కాస్తుంది, అంటే కాయలు పరిపించాలి. పైగా నొప్పే లేనప్పుడు డాక్టరు ఎందుకు? ఇలా లెక్క సరిపోయేది. ఐదు కార్తీకాలు ఈ లెక్కతోనే గడిపాను. ఇప్పుడు నిజం చెప్పాలంటే, నా మనసు అడుగున ఇంకొక మాట కూడా ఉండేది. మందులతో ఆ మోకాళ్ళు నిజంగా బాగుపడిపోతే వాన సంగతి మాకెవరు చెబుతారు? ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. నాతో నేను కూడా గట్టిగా అనుకోలేదు. అయినా అది అక్కడే ఉండేది.

ఇక ఆ రోజు. పొద్దున నేను అడగక ముందే అత్త పిలిచింది.

"ఒరే నాయనా, రెండు మోకాళ్ళూ మండతాండాయి. నిప్పులు కట్టినట్టుండాది. ఈ పొద్దు ఎట్లనన్నా బస్సెక్కించు. ఆ డాక్టరు దగ్గరికి పోదాము."

ఆ మాటల్లో నాకు వినబడింది ఒక్కటే. రెండు మోకాళ్ళూ. అంటే ముసురు!

"సాయంత్రం చూస్తాములే అత్తా" అని పరిగెత్తాను. బయలు నిండా కాయలు. హమాలీలను కేకేశాను. వీధి మొత్తానికి చెప్పాను. ఎదురు మండీ ఆయన, ఆ పక్కన ఇంకో నలుగురు, అందరూ పారలు, చేటలు, గోతాలు పట్టుకుని పరుగులు తీశారు. ఒక గంటలో వీధిలో బండల మీద ఒక్క కాయ లేదు. మేమందరం అరుగుల మీద కూర్చుని వాన కోసం చూశాం.

పది గంటలైంది. పన్నెండైంది. మబ్బు అరచేయంత కూడా లేదు. ఎండ ఎలా కాసిందంటే, కార్తీకం దారి తప్పి వైశాఖంలోకి వచ్చిపడిందా అనిపించింది. ఆ ఒక్క ఎండకు కాయలన్నీ గలగలలాడి ఉండేవి. అవన్నీ గోతాల్లో చెమటలు పట్టి కూర్చున్నాయి.

ఎదురు మండీ ఆయన నడి వీధిలోకి వచ్చి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని, నాలుగు దిక్కులూ తీరికగా చూశాడు.

"ఏమప్పా, వాన గూళూరులోనే దిగిపోయినట్టుండాది కదా? టికెట్టు అంతవరకే తీసినట్టుండాది!"

గూళూరు రైతులు పకపకా నవ్వారు. "మా ఊర్లో దిగింటే మాకు కనపడతాండె గదప్పా" అన్నాడొకడు. ఇంకాస్త నవ్వు.

సరిగ్గా అప్పుడే అత్త హమాలీలకు మజ్జిగ తీసుకుని గడప దాటుతోంది. ఒక చేయి గోడకు ఆనించి, ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. మా మెట్లు ఎత్తు. ఆమె ఎలా దిగుతోందో నేను చూడలేదు. నన్ను చూసి ఎవరెవరు నవ్వుతున్నారో మాత్రం చూశాను.

"నీ మోకాలికి ఏమొచ్చింది అత్తా? అబద్ధం చెప్పింది! వీధి వీధంతా నవ్వుతాండారు!" అని అరిచాను.

నవ్వులు ఆగిపోయాయి. మజ్జిగ బిందె కింద పెట్టాలని ఆమె వంగబోయింది. వంగలేకపోయింది. ఒక హమాలీ గబుక్కున వచ్చి అందుకున్నాడు.

"వానకే నొయ్యాలని దానికి తెలీదు లేప్పా" అంది అత్త. ఎప్పుడూ 'ఒరే' అనే మనిషి, వీధిలోవాళ్ళను అన్నట్టు నన్ను 'అప్పా' అంది. "ఇంగ చెప్పదులే."

మాట మీద నిలబడింది. మరునాడు పొద్దున ఏమీ ఎరగనట్టే వెళ్ళి అడిగాను. "బాగుండాది" అంది. ఆ మరునాడు కూడా "బాగుండాది". నాలుగో రోజున, బాగుండాది అన్న పూటే, చెప్పాపెట్టకుండా వాన కొట్టింది. మా కాయలు తడిశాయి, ఎదురు మండీ ఆయనవి తడిశాయి. కావాలనే చెప్పలేదని నాకు కోపం వచ్చింది. ఆ వయసులో నాకు కోపం సులభంగా వచ్చేది, కారణం మాత్రం కొంచెం నిదానంగా వచ్చేది.

ఆ కారణం ఒక మధ్యాహ్నం నా కంచంలోకే వచ్చింది, సంగటి ముద్ద రూపంలో.

మా అత్త చేతి రాగి సంగటి ముద్ద గురించి చెప్పాలి. తడి చేత్తో పొగలు కక్కే సంగటి తీసుకుని నాలుగు తిప్పులు తిప్పితే, కంచంలో పెట్టినా దొర్లిపోతుందేమో అన్నంత గుండ్రంగా వచ్చేది. ఆ రోజు నా కంచంలో పడింది ముద్ద కాదు. ఒక పక్క అణిగి, ఒక పక్క ఉబ్బి, పైన వేళ్ళ గుర్తులతో ఉంది. కాలితో తొక్కిన జామకాయలా ఉంది.

"ఇదేమి, ఈ పొద్దు సంగటి నువ్వు కట్టినావా?" అని నా భార్యను అడిగాను, నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "అత్తమ్మే కట్టింది. నెల నుంచి ఇట్లనే వస్తాండాయి. మీరు ఈ పొద్దు చూసినారు" అంది. గొంతు తగ్గించి, "చేయి మూసుకోదు ఆమెకు. కింద కూర్చుంటే లేయలేదని పొయ్యి పక్కన నిలబడే తింటాది. మీకు మోకాలొకటే తెలుసు, అది కూడా వాన కోసరం" అంది.

కంచం పక్కన పెట్టి లేచాను. వంటింటిలోకి వెళ్ళాను. అత్త కంచం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతిని మొదటిసారి చూశాను. వేలి కణుపులు ఉబ్బి, ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి.

"ఎప్పుడు నొస్తాది అత్తా?"

"ఎప్పుడు నొయ్యదని అడుగు. ఆ రేడియో చెడిపోయిందిలే నాయనా. ఎండకు అదే పాట, వానకు అదే పాట. తిప్పినా స్టేషన్ మారదు."

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ రోజు మోకాలు అబద్ధం చెప్పలేదు. వచ్చి పోయే చుట్టంలా ఉన్న వాపు, ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది. అది చెప్పడానికే ఆమె బస్సెక్కించమంది. నేను కాయలు ఎత్తించాను.

"తప్పయింది అత్తా" అన్నాను.

"ఎవురికి? నాకా, మోకాలికా?"

"ఇద్దరికీ."

"మోకాలికి రెండు చెప్పాల. అవి ఇద్దరు" అంది. మళ్ళీ 'ఒరే' అంది. "ఒరే, ముందు తిను పో. చల్లారితే సంగటి గట్టిబడతాది."

మరునాడే బస్సెక్కాం. ఆకాశం ఎలా ఉందో నేను చూడలేదని రాస్తే అబద్ధమవుతుంది. చూశాను. చూసి కూడా ఎక్కాను. శిడ్లఘట్ట దగ్గర పట్టుగూళ్ళ బుట్టలు బస్సులోకి ఎక్కాయి. ఆ వాసనకు అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మోకాలు పోతే పోయె, ముక్కన్నా మిగలనీరా" అంది.

డాక్టరు పెద్దాయన. ఇంట్లో కన్నడం, పేషంట్లతో మా తెలుగు. అత్త మోకాళ్ళు నొక్కి చూశాడు, వేళ్ళు మడిచి చూశాడు, ఎందుకో నోరు తెరవమన్నాడు. పంటి చిగుళ్ళు వాచి ఉన్నాయి, రెండు పళ్ళు పూర్తిగా పుచ్చిపోయాయి. పెదవి విరిచాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఉండాదమ్మా ఇది?"

"ఐదేండ్లు అయింటాది."

"ఐదేండ్లు ఏమి చేస్తాంటిరి?"

నేను నోరు తెరిచే లోపల అత్త అంది, "నేనే రానంటి సార్. సూదులంటే బయం."

మా అత్తకు పాములంటే కూడా భయం లేదు. చేటతో తేలును కొట్టి, అదే చేటతో బియ్యం చెరిగిన మనిషి. నన్ను కాపాడటానికి చెప్పింది. ఆ మాట అలాగే ఊరుకోనిస్తే నేను మళ్ళీ ఇంకొక తప్పు చేసిన వాణ్ణవుతానని ఆ క్షణంలో తోచింది.

"లేదు సార్. ఆమెకు నొచ్చినప్పుడంతా వాన వస్తాదని నేను కాయలు ఎత్తుకుంటాంటిని" అన్నాను.

డాక్టరు నన్ను రెండోసారి చెప్పించుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాక నవ్వు లేదు.

"చెనక్కాయల యాపారమా? అయితే నీకు చెప్పేది సులభం. పొట్టు కుప్పలో ఒక నిప్పురవ్వ పడితే ఏమవుతాది?"

అది నాకు బాగా తెలుసు. కాయలు ఒలిచాక మిల్లు వెనక పొట్టు కొండలా పోస్తారు.

"మంట లేయదు సార్. లోపల్లోపలే కాలతాది. పైకి కుప్ప కుప్పగానే ఉంటాది. వారమైనాక కాలు పెడితే మోకాటి దాకా దిగిపోతాది."

"అదే ఈమెకు అవుతాండేది" అన్నాడు.

తర్వాత అరగంట సేపు ఓపికగా చెప్పాడు. వాపు చెడ్డది కాదట. ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బుతుంది. ఒళ్ళు తనను తాను బాగు చేసుకునే పద్ధతి అది. పని కాగానే వెళ్ళిపోవాలి. కొందరిలో వెళ్ళదు. ముల్లు లేకపోయినా నిప్పు రగులుతూనే ఉంటుంది, బాగు చేయడానికి వచ్చినదే ఇంటిని తినడం మొదలుపెడుతుంది. వయసు మీద పడే కొద్దీ అది ఆరడం కష్టమవుతుంది. "ఈ పొద్దు కీళ్ళలో కనపడతాండాది. ఇది కీళ్ళతోనే నిలుస్తాదని నాకు నమ్మకం లేదు. ఇట్లాంటోళ్ళకు గుండె కూడా తొందరగా అలిసిపోయేది నేను చూసినా. ఆ చిగుళ్ళు కూడా దీనికి ఎగదోస్తాండాయేమో. అంతా మాకు తెలీదు" అన్నాడు. తెలియదని చెప్పిన డాక్టరును నేను మొదటిసారి చూశాను. అందుకే నమ్మాను.

ఇప్పుడు నాకు అత్త వయసు దాటింది. గుండె జబ్బులు, షుగరు, ముసలితనపు మతిమరుపు, వీటన్నిటిలోనూ ఆ కనబడని నిప్పుకు కొంత పాలు ఉందని ఈ కాలం డాక్టర్లు చెబుతున్నారు. విన్నప్పుడల్లా నాకు మిల్లు వెనక పొట్టు కుప్పే గుర్తొస్తుంది.

రక్తం తీసి సన్నటి గాజు గొట్టంలో నిలబెట్టారు. ఒక గంటలో ఎరుపు ఎంత కిందికి దిగుతుందో చూస్తారట. తొందరగా దిగితే లోపల వాపు ఎక్కువని అర్థం. అత్తది గబగబా దిగింది. ఆమె ఆ గొట్టాన్ని వింతగా చూసి, "నా రగతానికి మోకాళ్ళ నొప్పి లేనట్టుండాది సార్, మెట్లు ఎంత జోరుగా దిగతాండాదో" అంది. డాక్టరు మళ్ళీ కళ్ళద్దాలు తీయాల్సి వచ్చింది.

అన్నం తిన్నాక వేసుకోవలసిన మాత్రలు రాశాడు. పుచ్చిన పళ్ళు తీయించమన్నాడు. రోజూ పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టి పదిసార్లు మూసి తెరవాలన్నాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"నెల నెలా మొదటి సోమవారం రావాల. నొప్పి ఉండేటప్పుడు కాదు, మొదటి సోమవారం. వాన వచ్చినా, ఎండ వచ్చినా."

మరుసటి మొదటి సోమవారం పొద్దున బయలు నిండా కాయలున్నాయి. తూర్పున ఆకాశం కాటుక పూసినట్టుంది. దాన్ని చదవడానికి మోకాలు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. వీధిలో మిగతావాళ్ళు మాత్రం అలవాటు కొద్దీ మా గడప వైపే చూస్తూ కాయలు పరుస్తున్నారు. కాయలు ఎత్తమని చెప్పాలంటే హమాలీలు ఇంకా రాలేదు. బస్సు వేళ అయింది.

"ఈ నెల వద్దులేరా. కాయలు పోతాయి. వచ్చే నెల పోదాము" అంది అత్త.

ఆ మాట కోసమే ఐదేళ్ళు ఎదురుచూసిన నా మనసు ఒక్క గెంతు గెంతింది. దాన్ని అక్కడే అణిచి, ఆమె చేయి పట్టుకుని మెట్లు దింపాను.

శిడ్లఘట్ట దాటగానే బస్సు రేకుల మీద వాన దబదబ మొదలైంది.

"నీ కాయలు!" అంది అత్త.

"తడవనీ."

"బుద్ధి వచ్చిందో, జరమొచ్చిందో" అని నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది. ఆ చేతికి ఇప్పుడు వేడి కొంచెం తక్కువగా ఉంది.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి వీధి మొత్తం తడిసిన కాయల కంపు. ఎవరూ ఎత్తలేదు. మా గడప నుంచి కబురు రాలేదు కాబట్టి వాన రాదనుకున్నారట. ఎదురు మండీ ఆయన తడి పంచెతో నడి వీధిలో నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, రేడియోను ఎత్తుకొని ఊరికి పోతే మాకెవురు చెప్పేది?"

అందరూ ఉన్నారు. ఆ రోజు నవ్విన వాళ్ళందరూ. అత్త నా చేయి పట్టుకుని ఉంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"అది రేడియో కాదప్పా. ఆమె కాలు. ఆ రోజు మీ అందరి ముందర ఆమె మీద అరిచినాను. తప్పు నాది, ఆమెది కాదు. ఇంగమీద వానేమంటాండాదని ఆమెను అడగొద్దండి. అడగాలంటే ఎట్లుండావని అడగండి."

ఎదురు మండీ ఆయన పంచె కిందికి దించుకున్నాడు. ఐదేళ్ళుగా రోజూ ఆ మోకాళ్ళ సంగతి అడిగిన మనిషి, తడబడుతూ అడిగాడు.

"ఎట్లుండావమ్మా?"

అత్త కొంగు సర్దుకుంది. ఆ ప్రశ్న కొత్తది. "కొంచెం మేలప్పా" అంది. మెట్లెక్కి, గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. "అయినా రేపు కూడా పరచొద్దండి."

వీధంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మరునాడు మేము పరచలేదు. వాన పడలేదు.

ఆ తర్వాత పొద్దున్నే మొహం కడగకుండా అత్త మంచం దగ్గరికి వెళ్ళే అలవాటు మాత్రం నేను మానలేదు. గోరువెచ్చటి నీళ్ళ బేసిన్ ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆమె వేళ్ళు మూసి తెరుస్తుంటే నేను పది వరకూ ఎంచేవాణ్ణి. ఏడో ఎనిమిదో దగ్గర ఆమె దొంగాట ఆడి, "పదయింది పో" అనేది. నేను మళ్ళీ మొదటి నుంచి ఎంచేవాణ్ణి. పది అయ్యాకే కిటికీ తెరిచి ఆకాశం చూసేవాణ్ణి.